హ్యామ్ లైసెన్స్ దరఖాస్తు: ఎస్‌డీఆర్ సెట్ కొనేముందే మొదలుపెట్టండి

ఐదు వాట్ల ఎస్‌డీఆర్ ట్రాన్సీవర్ (పంపడానికీ వినడానికీ పనికొచ్చే, సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో సెట్), ల్యాప్‌టాప్, డాబా మీద పది మీటర్ల తీగ. రేడియో తరంగాలు దూరం వెళ్లే పరిస్థితి ఉన్న వేళ 14 మెగాహెర్ట్జ్‌లో హైదరాబాద్ నుంచి యూరప్‌కు సందేశం చేరడానికి ఇవి చాలు. ఔత్సాహికులు నడుపుకునే ఈ రేడియోనే హ్యామ్ అంటారు. టవర్లు, నెట్ అక్కర్లేదు. 2004 డిసెంబరు సునామీ వేళ అండమాన్‌లో ఉన్న హైదరాబాద్ ఎన్‌ఐఏఆర్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో) బృందం హ్యామ్ రేడియోతోనే వార్తలు చేరవేసింది. అయితే లైసెన్స్ లేకుండా ప్రసారం చేయడం నేరం. విదేశాల నుంచి తెప్పించే సెట్ సరైన అనుమతి లేకపోతే కస్టమ్స్‌లోనే ఆగిపోతుంది. అందాకా ల్యాప్‌టాప్‌కు గుచ్చుకుని వినడానికే పనికొచ్చే ఆర్‌టీఎల్ డాంగిల్‌తో చెవికి అలవాటు చేసుకోండి.

దరఖాస్తులు రెండు, రెండూ కేంద్ర టెలికాం శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లోనే. మొదటిది ఆపరేటర్ సర్టిఫికెట్ పరీక్షకు. పన్నెండేళ్లు నిండితే చాలు. ఫొటో, సంతకం, వయసు, చిరునామా రుజువులు అప్‌లోడ్ చేసి ఫీజు కట్టాలి. ఇంటిపేరు ఒక కాగితంలో పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉంటే ముందే సరిచేయించుకోండి. పరీక్షా కేంద్రంగా హైదరాబాద్ ఎంచుకోండి.

కొత్తవాళ్లకు రెండు గ్రేడ్లలో తేలికైన రిస్ట్రిక్టెడ్ గ్రేడే మేలు. గంట పరీక్ష, 50 మార్కులు. థియరీ, నిబంధనలు అనే రెండు భాగాల్లో ఒక్కోదాంట్లో 40 శాతం, మొత్తంమీద 50 శాతం రావాలి. ఇంజినీరింగ్ చదివినవాళ్లు కూడా థియరీ నమ్ముకుని నిబంధనల భాగంలో తప్పుతుంటారు. క్యూ కోడ్‌లు (క్యూతో మొదలయ్యే మూడక్షరాల సంకేతాలు), అత్యవసర సంకేతాలు, లాగ్‌బుక్ నియమాలు కంఠతా రావాలి. సోమాజిగూడలోని ఎన్‌ఐఏఆర్‌లో శిక్షణ గురించి అడగొచ్చు.

పాసయ్యాక రెండో దరఖాస్తు, స్టేషన్ లైసెన్స్‌కు. ఇరవై ఏళ్లకు 1000 రూపాయలు, జీవితకాలానికి 2000. రెండోదే లాభం. స్టేషన్ చిరునామా దగ్గర తొందరపడకండి: ఆధార్‌లో సొంతూరు, నివాసం కూకట్‌పల్లి అద్దె ఇల్లు అయితే భద్రతా విచారణలో చిక్కు రావచ్చు. అద్దె ఒప్పందం సిద్ధంగా ఉంచుకోండి. కాల్‌సైన్ (మీ స్టేషన్‌కు ఇచ్చే గుర్తింపు పేరు) వచ్చాకే మైక్ పట్టాలి.

ఆ నిరీక్షణలో యాంటెనా కట్టేయండి. 14 మెగాహెర్ట్జ్ డైపోల్‌కు (మధ్యలో కేబుల్ కలిపే రెండు చేతుల తీగ యాంటెనాకు) ఒక్కో చేయి సుమారు 5.07 మీటర్లు. పదిహేను సెంటీమీటర్లు ఎక్కువే ఉంచి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా నుంచి ఎంత శక్తి వెనక్కి వస్తోందో చెప్పే కొలత) చూస్తూ కొద్దికొద్దిగా కత్తిరించాలి. కరెంటు తీగలకు బాగా ఎడంగా కట్టండి. అపార్ట్‌మెంట్లలో అసలు శత్రువు రేడియోలో వినిపించే విద్యుత్ రొద. ఇంటి మెయిన్ ఆపి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద వినండి. రొద తగ్గితే దోషం మీ ఎల్‌ఈడీ బల్బులదో చార్జర్లదో, తగ్గకపోతే పక్కింటిదో లిఫ్టుదో. ఎఫ్‌టీ8 (గడియారం ప్రకారం పొట్టి సందేశాలు పంపే కంప్యూటర్ పద్ధతి) సిగ్నళ్లు తెర మీద జలపాతంలా కనబడుతున్నా అక్షరం డీకోడ్ కాకపోతే ముందు ల్యాప్‌టాప్ గడియారం చూడండి. రెండు సెకన్ల తేడా ఉన్నా పని చెడుతుంది.