ఎక్స్‌-ప్లేన్‌లో గోదావరి మీదుగా: నిజమైన నేలను ఇంట్లోనే సిద్ధం చేసుకునే విధానం

ఎక్స్‌-ప్లేన్ 12 అనే, కంప్యూటర్‌లో విమానం నడిపి చూసే ప్రోగ్రామ్‌తో పాటు వచ్చే దృశ్యాల్లో నదులూ కొండలూ ఉన్నచోటే ఉంటాయి గాని, పొలాలూ ఊళ్లూ మాత్రం ప్రోగ్రామ్ తన నమూనాలతో నింపినవి. మనకు బాగా తెలిసిన ప్రాంతం మీద ఎగిరినప్పుడు ఈ లోటు వెంటనే కనబడుతుంది. దాన్ని తీర్చే ఉచిత సాధనం ఆర్థో4ఎక్స్‌పీ. ఉపగ్రహ చిత్రాలనూ, విమానాల నుంచి తీసిన చిత్రాలనూ భూమి ఎత్తుపల్లాల మీద పరిచి, అక్షాంశంలో ఒక డిగ్రీ, రేఖాంశంలో ఒక డిగ్రీ ఉండే టైల్స్‌గా ఇది నేలను తయారుచేస్తుంది.

మొదట 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 81 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద మొదలయ్యే టైల్‌ను ఎంచుకోండి. రాజమహేంద్రవరం విమానాశ్రయం, పోలవరం, పాపికొండలు మూడూ అందులోనే ఉన్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట కావాలంటే దాని దక్షిణపు టైల్ కూడా తయారుచేయాలి.

చిత్రంలో ఎంత వివరం ఉండాలో నిర్ణయించే జూమ్ స్థాయిని 16 దగ్గర ఉంచితే మన అక్షాంశంలో ఒక్కో పిక్సెల్ సుమారు 2.3 మీటర్ల నేలను చూపుతుంది. ఒక స్థాయి పెంచితే వివరం రెట్టింపవుతుంది, డిస్కులో పట్టే చోటు మాత్రం దాదాపు నాలుగింతలవుతుంది. అందుచేత టైల్ అంతటికీ 16 చాలు. విమానాశ్రయం పరిసరాలకు మాత్రమే 17 పెట్టుకోవడం మేలు.

చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా అది చదునైనదే. చెట్లు, ఇళ్లు, రోడ్లు దాని మీద నిలబడాలంటే వాటిని చూపే పై పొరలు, అంటే ఓవర్‌లేలు, కూడా తయారుచేయాలి. తర్వాత కస్టమ్ సీనరీ ఫోల్డర్‌లోని ప్యాకేజీల జాబితా ఫైల్‌ను తెరిచి వరుస సరిచూడండి: విమానాశ్రయాలు పైన, ఓవర్‌లేలు వాటి కింద, చిత్రాల టైల్స్ అన్నిటికంటే అడుగున ఉండాలి. పైనున్నదానికే ప్రాధాన్యం కాబట్టి, ఈ వరుస తప్పితే టైల్ పైకి వచ్చి విమానాశ్రయాన్నో, ఇళ్లనో మింగేస్తుంది.

విమానంగా సెస్నా 172ను తీసుకోండి. రెక్కలు కాక్‌పిట్‌కు పైన ఉండడం వల్ల కింది నేల అడ్డు లేకుండా కనిపిస్తుంది, వేగమూ చూడడానికి వీలైనంత నెమ్మదిగా ఉంటుంది. జెట్ విమానంలో ఇదే దారిలో వెళితే పాపికొండలు చూడకముందే దాటిపోతాయి. రాజమహేంద్రవరం విమానాశ్రయం నుంచి పైకి లేచాక నదిని అందుకుని, ప్రవాహానికి ఎదురుగా వాయవ్యంగా 2,500 నుంచి 3,000 అడుగుల ఎత్తులో వెళ్లండి. అంతకంటే బాగా కిందికి దిగితే చిత్రం మసకబారుతుంది.

తెర మీద ఎంత వెడల్పు దృశ్యం పట్టాలో నిర్ణయించే చూపు కోణాన్ని కూడా సరిచేసుకోవాలి. 60 సెంటీమీటర్ల వెడల్పున్న తెరను అంతే దూరం నుంచి చూస్తే ఆ కోణం సుమారు 53 డిగ్రీలే. దాన్ని మరీ పెంచితే పరికరాలన్నీ ఒకేసారి కనిపిస్తాయి గాని, కొండలు చిన్నబోయి దూరంగా జరిగిపోతాయి. నేలను చూడడమే ఉద్దేశమైతే కోణం తక్కువగా ఉంచి, పరికరాల కోసం తల తిప్పుకోవడమే మంచిది.

చివరిగా వెలుతురు సంగతి. చిత్రాల్లోని నీడలు కదలవు, వాటిలోని కాలమూ మారదు. వేసవిలో తీసిన చిత్రమైతే ఆగస్టులో ఎగిరినా ఇసుకతిన్నెలే కనిపిస్తాయి. సూర్యుడు బాగా పైకి వచ్చిన వేళను ఎంచుకుంటే, ప్రోగ్రామ్ వేసే నీడలకూ చిత్రంలోని నీడలకూ పొంతన కుదిరి, కొండల ఆకారం సహజంగా తెలుస్తుంది.