ఆర్‌లోని డేటాను సీఎస్‌వీ, ట్యాబ్ ఫైళ్లుగా రాయడం

గణాంకాల కోసం వాడే ఆర్ భాషలో డేటా ఫ్రేమ్‌ను (పట్టికను) సీఎస్‌వీ (కామాలతో విడదీసిన) ఫైల్‌గానో ట్యాబ్ ఫైల్‌గానో రాయడం ఒక్క లైను పని. ఆ ఫైల్‌ను అవతలివాళ్లు ఎక్సెల్‌లోనో మరో సాఫ్ట్‌వేర్‌లోనో తెరిచాకే తేడాలు బయటపడతాయి. అందుకే ఫైల్ ఎవరికి వెళ్తుందో, వాళ్లు దేనిలో తెరుస్తారో ముందే కనుక్కోండి. ఈ కింది ఆదేశాలను కన్సోల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. ఆర్గ్యుమెంట్ల (బ్రాకెట్లలో ఇచ్చే ఎంపికల) పేర్లు చిన్న అక్షరాల్లో (ఫైల్ఎన్‌కోడింగ్‌లో మాత్రం రెండో పదం మొదటి అక్షరం పెద్దది), ట్రూ, ఫాల్స్ అనే విలువలు పెద్ద అక్షరాల్లో ఉండాలి.

మామూలు అవసరానికి ఇది చాలు:

రైట్.సీఎస్‌వీ(సర్వే, "సర్వే.సీఎస్‌వీ", రో.నేమ్స్ = ఫాల్స్, ఎన్ఏ = "")

ఎన్ఏ = "" అంటే విలువ లేని గడులను ఖాళీగా రాయమని. రో.నేమ్స్ వదిలేస్తే 1, 2, 3 అంటూ వరస నంబర్లతో పేరులేని కాలమ్ ఒకటి మొదట్లో చేరుతుంది. ఆ ఫైల్‌ను మళ్లీ ఆర్‌లోకి తెస్తే దానికి ఎక్స్ అనే పేరు పడుతుంది. రైట్.టేబుల్‌తో ఇంకా ఇబ్బంది: వరస నంబర్లు రాస్తుంది కానీ హెడర్‌లో వాటికి చోటు వదలదు. దాంతో శీర్షికలన్నీ ఒక గడి ఎడమకు జరిగిపోతాయి. పైగా అందులో డిఫాల్ట్ సెపరేటర్ ఖాళీ జాగా. ట్యాబ్ కావాలంటే సెప్ = "\టీ" అని స్పష్టంగా ఇవ్వాలి.

రైట్.సీఎస్‌వీలో సెప్, అపెండ్, కాల్.నేమ్స్ మార్చబోతే ఆర్ హెచ్చరిక చూపించి వాటిని పట్టించుకోదు. పాత ఫైల్ చివర కొత్త వరసలు చేర్చాలంటే రైట్.టేబుల్‌నే వాడి సెప్ = ",", అపెండ్ = ట్రూ, కాల్.నేమ్స్ = ఫాల్స్, రో.నేమ్స్ = ఫాల్స్, క్యూమెథడ్ = "డబుల్" ఇవ్వండి. చివరిది మరిచిపోతే వచనంలోని కొటేషన్ గుర్తుల ముందు బ్యాక్‌స్లాష్ పడుతుంది, ఎక్సెల్‌కు అది అర్థం కాదు. చిరునామాల్లో కామాలు ఉంటాయి కాబట్టి కొటేషన్లు తీసేసే కోట్ = ఫాల్స్ జోలికి పోవద్దు.

అంకెలతో మరింత జాగ్రత్త అవసరం. 100000 అనే విలువ ఫైల్‌లోకి 1ఈ+05 అని వెళ్లవచ్చు. రాసే ముందు ఆప్షన్స్(సైపెన్ = 999) ఇస్తే పూర్తి అంకెలు వస్తాయి. దశాంశ సంఖ్యల్లో రాసేది గరిష్ఠంగా 15 సార్థక అంకెలే. కాబట్టి 16 అంకెల ఖాతా నంబరును, 040, 0866 లాంటి ఎస్‌టీడీ కోడ్లను మొదటి నుంచీ క్యారెక్టర్‌గానే (వచనంగానే) ఉంచాలి. సంఖ్యగా మారాక పోయిన సున్నా తిరిగి రాదు.

ఆర్ సరిగ్గా రాసినా ఎక్సెల్ చెడగొట్టే సందర్భాలున్నాయి. 3-5-12 అనే ఇంటి నంబరును అది తేదీగా మార్చేస్తుంది. 0866లో సున్నాను తీసేస్తుంది. కొటేషన్లు పెట్టినా ఇవి ఆగవు. ఫైల్‌పై డబుల్ క్లిక్ చేయకుండా, డేటా మెనూలోని ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ ద్వారా తెరిచి ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకోమని ఫైల్ తీసుకునేవారికి చెప్పండి.

తెలుగు అక్షరాలదీ ఇలాంటి చిక్కే. విండోస్‌లో ఆర్ 4.2 కంటే పాత వెర్షన్లు తెలుగును <యూ+0సీ24> లాంటి కోడ్లుగా రాయగలవు. ముందు వెర్షన్ మార్చుకోండి. కొత్త వెర్షన్‌లో ఫైల్ సవ్యంగా యూటీఎఫ్-8లో వచ్చినా, మొదట్లో బీఓఎం గుర్తు (ఫైల్ ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో చెప్పేది) లేకపోతే ఎక్సెల్ పిచ్చి అక్షరాలు చూపిస్తుంది. ఫైల్ఎన్‌కోడింగ్ = "యూటీఎఫ్-8" ఆ గుర్తును చేర్చదు. రీడ్ఆర్ ప్యాకేజీలోని రైట్_ఎక్సెల్_సీఎస్‌వీ చేరుస్తుంది, డేటా.టేబుల్‌లోని ఎఫ్‌రైట్‌కు బీఓఎం = ట్రూ ఇవ్వాలి.

లక్షల వరసలుంటే ఎఫ్‌రైట్ చాలా వేగం. అయితే తేదీ-సమయం కాలమ్‌ను అది యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం)లో రాస్తుంది, మన సమయం 5 గంటల 30 నిమిషాలు వెనక్కి వెళ్లినట్టు కనిపిస్తుంది. స్థానిక సమయమే కావాలంటే ముందే ఫార్మాట్‌తో వచనంగా మార్చండి.

పంపే ముందు ఫైల్‌ను ఎక్సెల్‌తో కాక రీడ్‌లైన్స్("సర్వే.సీఎస్‌వీ", ఎన్ = 3)తో చూడండి. తర్వాత ఒక్కో లైనులో ఎన్ని గడులున్నాయో లెక్కించే కౌంట్.ఫీల్డ్స్‌కు సెప్ = ",", కోట్ = "\"", కామెంట్.చార్ = "" ఇచ్చి నడిపి, ఫలితాన్ని టేబుల్ ఆదేశానికి ఇవ్వండి. అన్ని లైన్లకూ ఒకే సంఖ్య రావాలి. కామెంట్.చార్ ఇవ్వకపోతే, కొటేషన్లు లేకుండా రాసిన చిరునామాలో # ఉన్న లైన్లు అక్కడే తెగి తప్పు లెక్క చూపిస్తాయి. గడి లోపల ఎంటర్ కొట్టిన వచనం ఉంటే ఆ లైనుకు ఎన్ఏ వస్తుంది. వెతికి మార్చే జీసబ్ ఆదేశంతో ఆ "\ఎన్"ను (ఎంటర్ గుర్తును) ఖాళీ జాగాగా మార్చి ఫైల్ మళ్లీ రాయండి.