మెల్‌బోర్న్ వెళ్తున్న మన తిరుపతి, చిత్తూరు పిల్లలకు: గది, పని, వివక్ష, క్రికెట్

ఏటా జూన్‌లో నేను తిరుపతి వస్తాను. అప్పుడు మెల్‌బోర్న్‌లో చలికాలం, క్రికెట్ ఉండదు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ కొర్లగుంటలోని మా ఇంటికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. కూతురికి అడ్మిషన్ వచ్చిందని పుత్తూరు నుంచి ఒకరు, కొడుకు వీసా కోసం ఎదురుచూస్తున్నాడని చిత్తూరు నుంచి ఇంకొకరు. అద్దెలు, పార్ట్‌టైమ్ పనుల గురించి మాట్లాడాక, లేచేముందు తల్లిదండ్రులు కాస్త గొంతు తగ్గించి ఒక మాట అడుగుతారు. "ఏమన్నా, ఆడ మనోళ్లని కొడతారంట గదా, నిజమేనా?"

ఆ మాటకు జవాబు చెప్పే ముందు, దిగగానే అక్కరకొచ్చే నాలుగు విషయాలు చెప్పేస్తాను.

విమానంలో ఇచ్చే కార్డులో తినే వస్తువుల గురించి అడుగుతారు. ఆవకాయ, కరివేపాకు పొడి, కొండ మీది లడ్డూ, ఏది ఉన్నా "అవును" అనే రాయండి. చూపించిన వస్తువు వాళ్లకు కుదరకపోతే తీసేసుకుంటారు, అంతటితో సరి. దాచి దొరికిపోతే మాత్రం జరిమానా పడుతుంది, ఒక్కోసారి వీసాకే ముప్పు వస్తుంది. క్రికెట్ కిట్ తెచ్చుకునేవాళ్లు బూట్లకు అంటిన మట్టి పూర్తిగా కడిగి, ఆరబెట్టి సర్దుకోండి. మట్టి కనిపిస్తే అక్కడే ఆపుతారు.

ఫొటోలు చూసి ఇక్కడి నుంచే గదికి డబ్బు పంపకండి. కొన్నాళ్లు తెలిసినవాళ్ల ఇంట్లోనో హాస్టల్లోనో ఉండి, గదిని కళ్లతో చూశాకే కట్టండి. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో అద్దె డిపాజిట్‌ను బాండ్ అంటారు. ఓనరు దాన్ని తన దగ్గర పెట్టుకోకూడదు, 10 పనిదినాల్లో ప్రభుత్వ బాండ్ అథారిటీలో జమ చేయాలి. రసీదు మీకు రావాలి. రాకపోతే మొహమాటపడకుండా అడగండి. పనికి చేరేవాళ్లు టాక్స్ ఫైల్ నంబరుకు (మన పాన్ నంబరు లాంటిది) మీరే అప్లై చేసుకోవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు.

విద్యార్థి వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలు మించి పని చేయకూడదు. చట్టం చెప్పిన కనీస జీతం కంటే తక్కువిచ్చి చేతికి క్యాష్ పెట్టేవాళ్లలో మనవాళ్లు కూడా ఉంటారు. "మన ఊరివాడివని పని ఇచ్చాను, మళ్లీ లెక్కలడుగుతావా" అంటారు. అడగాల్సిందే. ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ అనే ప్రభుత్వ కార్యాలయం ఉన్నది అందుకే. ఎన్ని గంటలు పనిచేశారో మీ ఫోన్‌లో రోజూ రాసిపెట్టుకోండి.

"కొడతారంట గదా" అంటే

ఏమీ ఉండదు పొమ్మని ధైర్యం చెప్పి పంపడం నాకు ఇష్టం లేదు. 2009లో మెల్‌బోర్న్‌లో భారతీయ విద్యార్థుల మీద వరుసగా దాడులు జరిగాయి. రాత్రి పని ముగించుకుని రైల్లో ఇంటికెళ్లేవాళ్లు చాలామంది దెబ్బలు తిన్నారు. ఆ ఏడాది మే 31న వేలమంది ఊరేగింపు తీసి, ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ ముందు రోడ్డు మీద కూర్చున్నారు. అప్పట్లో పోలీసుల వైపు నుంచి వచ్చిన సలహాల్లో, బయట మీ భాషలో గట్టిగా మాట్లాడకండి అన్నది కూడా ఒకటి. ఆ సలహా నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. రైల్లో అమ్మతో తెలుగులో మాట్లాడుకోవడం నేరం కాదు. అర్ధరాత్రి ఖాళీ బోగీలో కాకుండా డ్రైవరుకు దగ్గరగా ఉన్న బోగీలో కూర్చోండి, అది మీ క్షేమం కోసం. భాషను మాత్రం దాచుకోకండి.

ఆనాటి పరిస్థితి ఇప్పుడు లేదు. అలాగని అంతా మాసిపోయిందనీ అనను. 2025 ఆగస్టు 31న ఆస్ట్రేలియా నగరాల్లో వలసలకు వ్యతిరేకంగా ర్యాలీలు జరిగాయి. వాటి ప్రచారంలో భారతీయుల పేరెత్తి మరీ రాశారు. ఆ వారంలో మా ఆఫీసులో నాతో ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు. పక్కింటి పెద్దాయన గేటు దగ్గరికి వచ్చి "మీరంతా బాగున్నారా" అని అడిగి వెళ్లాడు. దేశం అంటే ఆ ర్యాలీ ఒక్కటే కాదు, ఆ పెద్దాయన ఒక్కడే కూడా కాదు. ఇద్దరూ అక్కడివాళ్లే.

మీకు రోజూ ఎదురయ్యేవి దెబ్బల కంటే చిన్నవి. అద్దె గది కోసం ఫోన్ చేస్తే మీ పేరు వినగానే గది అయిపోయింది అంటారు. మీ ఇంగ్లీషు అర్థమవుతున్నా మళ్లీ మళ్లీ చెప్పిస్తారు. కారులోంచి ఎవడో అరిచి వెళ్లిపోతాడు. ఇందులో కొంత తెలియనితనం, కొంత ద్వేషం. తెలియక అడిగేవాళ్లకు ఓపిగ్గా చెప్పండి. ద్వేషం దగ్గర మాత్రం, మన ఇళ్లల్లో చిన్నప్పటి నుంచి చెప్పే "సర్దుకుపో నాయనా" అన్న మాటను దయచేసి పక్కన పెట్టండి. ఒంటరిగా ఎదురు తిరగమని కాదు. ముందు అక్కడి నుంచి బయటపడండి, తర్వాత చెప్పాల్సినవాళ్లకు చెప్పండి. ప్రాణభయం ఉంటే 000. అంత అత్యవసరం కాకపోతే విక్టోరియా పోలీసులకు 131 444. ఇంగ్లీషులో చెప్పడం కష్టమనిపిస్తే 131 450కి ఫోన్ చేసి తెలుగు దుబాసీ కావాలని అడగండి, మధ్యలో ఉండి మాట్లాడిపెడతారు. ఉద్యోగం దగ్గరా, అద్దె ఇంటి దగ్గరా రంగును బట్టి, పుట్టిన దేశాన్ని బట్టి తేడా చూపించడం 1975 నుంచీ అక్కడ చట్టవిరుద్ధం. ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్‌కు ఫీజు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. ఏ తేదీ, ఎక్కడ, ఎవరు, ఏ మాట అన్నారు, పక్కన ఎవరున్నారు, ఇవన్నీ అదే రోజు రాసిపెట్టుకోండి. వారం తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తే అందులో సగం పోతుంది.

గ్రౌండ్‌కు వెళ్లండి

నా మట్టుకు నాకు ఆ దేశం దగ్గరైంది క్రికెట్ క్లబ్బు వల్ల. యూనివర్సిటీలో ఎవరి గుంపు వారిది, ఆఫీసులో పలకరింపులు లిఫ్టు దాటవు. శనివారం మధ్యాహ్నం ఒకే జట్టులో ఎండలో నిలబడితే మాత్రం మాట్లాడక తప్పదు. స్లిప్‌లో, అంటే కీపర్ పక్కన ఫీల్డింగ్ చేసే చోట, మీ పక్కనున్నవాడు ప్లంబరో, స్కూల్ టీచరో, రిటైరైన పోస్ట్‌మ్యానో అవుతాడు. మంచి డెంటిస్టు ఎవరు, ఏ వీధిలో అద్దెలు తక్కువ, కారు కొనేముందు ఏం చూడాలి, ఇలాంటివన్నీ నేను తెలుసుకున్నది ఆ స్లిప్‌లోనే.

అందుకే కొత్తగా వచ్చినవాళ్లకు పదేపదే చెబుతాను, మనవాళ్లే ఉన్న జట్టులో మాత్రమే ఆడకండి. తెలుగువాళ్ల టోర్నమెంట్లు ఆదివారాల్లో ఉంటాయి, అవీ ఆడండి, ఇంటి మీద బెంగ కాస్త తగ్గుతుంది. శనివారం మాత్రం మీ పేటలోని క్లబ్బుకు ఇవ్వండి.

అక్కడ దాదాపు ప్రతి పేటకూ ఒక క్లబ్బు ఉంటుంది. అందులో ఆట స్థాయిని బట్టి జట్లు ఉంటాయి, వాటిని గ్రేడ్లంటారు. అన్నిటికంటే కింది గ్రేడులో ఎప్పుడూ మనుషులు తక్కువే, ఎవరొచ్చినా చేర్చుకుంటారు. తిరుపతిలో టెన్నిస్ బంతితో మాత్రమే ఆడామని జంకకండి. తోలు బంతికి, సింథటిక్ పిచ్ మీద లేచే బౌన్స్‌కు అలవాటు పడటానికి కొన్ని నెట్స్ (వల కట్టిన చోట ప్రాక్టీసు) పడతాయి, అంతే. హెల్మెట్ లేకుండా మాత్రం బ్యాటింగ్‌కు దిగొద్దు. చాలా క్లబ్బుల్లో అందరూ వాడుకునే కిట్ ఉంటుంది, మొదటి సీజన్‌కు అది చాలు. ఫీజు కొన్ని వందల డాలర్లు. విద్యార్థులమని చెబితే తగ్గించే క్లబ్బులున్నాయి, వాయిదాల్లో కట్టనిచ్చేవీ ఉన్నాయి. అడిగితేనే చెబుతారు. ఎండ విషయంలో మన చర్మానికి ఏమీ కాదనుకోకండి, అక్కడి ఎండ వేరు. సన్‌స్క్రీన్, వెడల్పు టోపీ తప్పనిసరి.

ఆట అయ్యాక క్లబ్బు గదిలో కూర్చుంటారు, బీరు తాగుతారు. మీరు తాగకపోతే కూల్ డ్రింక్ తీసుకుని కూర్చోండి, ఎవరూ బలవంతం చేయరు. కానీ ఆట కాగానే బ్యాగు సర్దుకుని వెళ్లిపోకండి, స్నేహాలు కుదిరేది ఆ గంటలోనే. మాంసం తినకపోతే, లేదా ఏదైనా ఒక మాంసం తినకపోతే, టీ బ్రేక్‌లో తిండి ఏర్పాట్లు చూసుకునేవాళ్లకు ముందే చెప్పండి. పేరు పలకడం రాక ఏదో ఒక ముద్దుపేరు పెట్టేస్తారు. మీకు నచ్చితే సరే, నచ్చకపోతే మొదటి రోజే మీ పేరు ఎలా పలకాలో చెప్పండి.

మైదానంలో మాటలు విసరడం అక్కడ ఆటలో భాగం. మీ బ్యాటింగ్ గురించి, మీరు వదిలేసిన క్యాచ్ గురించి ఎంతైనా అంటారు, మీరూ అనొచ్చు. మీ రంగు, మీ యాస, మీ దేవుడు, మీ తిండి, మీ దేశం, వీటి జోలికి వచ్చిన క్షణంలో అది ఆట కాదు. అప్పుడేం చేయాలో మన హైదరాబాద్ కుర్రాడు సిరాజ్ అందరికీ కనిపించేలా చేసి చూపించాడు. 2021 జనవరి, సిడ్నీ టెస్టు. ఆ టూర్ మొదట్లోనే, అతను ఆస్ట్రేలియాలో ఉండగా, ఆటో నడిపి పెంచిన తండ్రి ఇక్కడ చనిపోయాడు. అయినా జట్టుతోనే ఉండిపోయాడు. బౌండరీ దగ్గర నిలబడితే ప్రేక్షకులు కొందరు తిట్టారు. అతను నేరుగా కెప్టెన్ రహానే దగ్గరికి వెళ్లి చెప్పాడు, రహానే అంపైర్లకు చెప్పాడు. ఆట దాదాపు పది నిమిషాలు ఆగింది, ఆరుగురిని స్టేడియం నుంచి బయటికి పంపారు. ఆస్ట్రేలియా బోర్డు క్షమాపణ చెప్పింది. మర్నాడు మన కాకినాడ విహారి తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలబడ్డాడు, అశ్విన్‌తో కలిసి మ్యాచ్‌ను డ్రా చేశాడు. తర్వాతి టెస్టులో, 1988 నుంచి ఆస్ట్రేలియా ఓడని బ్రిస్బేన్‌లో, రెండో ఇన్నింగ్స్‌లో సిరాజ్ 5 వికెట్లు తీశాడు, ఇండియా గెలిచింది.

ఈ కథ చెప్పినప్పుడు అందరూ బ్రిస్బేన్ గెలుపు దగ్గర చప్పట్లు కొడతారు. నాకు అంతకంటే ముఖ్యమైనది సిడ్నీలో ఆగిన ఆ పది నిమిషాలు. సిరాజ్ గెలవకపోయినా, ఒక్క వికెట్ తీయకపోయినా, ఆ ఫిర్యాదు న్యాయమైనదే. గౌరవం కావాలంటే ముందు బాగా ఆడి చూపించాలి అని మీకు మీరు చెప్పుకోకండి. సున్నాకు అవుటైనవాడికి కూడా తిట్టు పడకుండా ఆడే హక్కు ఉంది. క్లబ్బులో అయినా అంతే, వెంటనే కెప్టెన్‌కు చెప్పండి. కెప్టెన్ పట్టించుకోకపోతే క్లబ్బు కమిటీకి, వాళ్లూ పట్టించుకోకపోతే లీగ్ నడిపే అసోసియేషన్‌కు రాయండి. అప్పటికీ మార్పు లేకపోతే క్లబ్బు మారండి. పక్క పేటలో ఇంకొకటి ఉంటుంది.

ఆ నేల మీద మొదట వివక్ష పడినవాళ్లం మనం కాదని కూడా తెలుసుకుని వెళ్లండి. 1868లో ఇంగ్లండ్‌లో పర్యటించిన తొలి ఆస్ట్రేలియా క్రికెట్ జట్టు ఆటగాళ్లు అక్కడి ఆదివాసులు. వాళ్లలో గొప్ప ఆల్‌రౌండర్ జానీ ముల్లా. ఆయన పేరు మీద మెల్‌బోర్న్ బాక్సింగ్ డే టెస్టులో (డిసెంబరు 26న మొదలయ్యేది) మెడల్ ఇవ్వడం 2020లోగానీ మొదలు కాలేదు. దాన్ని మొదట అందుకున్నది రహానే. రెండు వారాల తర్వాత సిడ్నీలో సిరాజ్ తరఫున అంపైర్ల దగ్గరికి వెళ్లిన కెప్టెన్ అతనే.

మన దగ్గర ఉన్నది

ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుంది, అయినా అంటాను. మెల్‌బోర్న్‌లో కొత్తగా దిగిన తెలుగు పిల్లవాణ్ని మొదట కులం అడిగేది తెల్లవాడు కాదు. ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, నాన్నగారు ఏం చేస్తారని అడిగి, చివరికి అక్కడికే వస్తారు. కులాన్ని బట్టి వాట్సాప్ గ్రూపులు, కులాన్ని బట్టి క్రికెట్ జట్లు కూడా చూశాను. పేరు వినగానే గది లేదన్న ఇంటి ఓనరు మీద మనకు వచ్చే కోపం నిజమైనదైతే, ఇంటిపేరు విని జట్టులో చోటు లేదనే మనవాళ్ల మీద కూడా రావాలి. ఆ గ్రూపుల్లో చేరకండి. అడిగినవాళ్లకు చెప్పకండి.

మన యాసను హైదరాబాద్‌లో వెక్కిరిస్తే మనకెంత బాధేసిందో గుర్తుంది కదా. తిరుపతి హోటళ్లలో పనిచేసే బీహారు, ఒడిశా కుర్రాళ్లతో మనం ఎలా మాట్లాడతామో కూడా ఒకసారి గుర్తు చేసుకోండి. మెల్‌బోర్న్‌లో మీ పక్కింట్లో సూడాన్ కుటుంబం ఉండొచ్చు, వియత్నాం కుటుంబం ఉండొచ్చు. వాళ్ల గురించి మన గ్రూపుల్లో తిరిగే పుకార్లు నమ్మకుండా, వెళ్లి పలకరించండి.

ఏ జట్టు మీది?

ఇది తప్పకుండా అడుగుతారు. 1990లో బ్రిటన్‌లో నార్మన్ టెబిట్ అనే రాజకీయ నాయకుడు, వలస వచ్చినవాళ్లు ఏ జట్టుకు చప్పట్లు కొడతారో చూస్తే వాళ్ల విధేయత తెలుస్తుందన్నాడు. అది అన్యాయమైన పరీక్ష. పన్ను కట్టి, చట్టానికి లోబడి, పక్కవాడికి సాయపడుతూ బతికేవాడు ఏ జట్టును ఇష్టపడితే ఎవరికేం? మా అమ్మాయి అక్కడే పుట్టింది. ఎలిస్ పెర్రీ ఆడితే ఆస్ట్రేలియా, బుమ్రా బంతి పట్టుకుంటే ఇండియా. ఇంట్లో మేమెవరం ఆమెను ఒకటే ఎంచుకోమనలేదు.

2024 డిసెంబరు 28న ఎంసీజీలో, అంటే మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో, నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉండగా బుమ్రా అవుటయ్యాడు. చివరి బ్యాటర్‌గా సిరాజ్ వచ్చి ఆస్ట్రేలియా బౌలర్ కమిన్స్ వేసిన మూడు బంతులు కాచుకున్నాడు. విశాఖ కుర్రాడొకడు, హైదరాబాద్ కుర్రాడొకడు, అంత పెద్ద మైదానం మధ్యలో. బోలాండ్ బంతిని నితీశ్ ఫోర్ కొట్టి సెంచరీ చేసినప్పుడు ఆస్ట్రేలియా టోపీలు పెట్టుకున్నవాళ్లు కూడా లేచి నిలబడ్డారు. ఆ బోలాండ్ ఆదివాసి మూలాలున్న బౌలర్, 2021లో ముల్లా మెడల్ గెలిచినవాడు. ఆ రోజు నేను రెండు జట్లకూ చప్పట్లు కొట్టాను.

ఫిబ్రవరిలో దిగేవాళ్లకు సీజన్ చివరి వారాలు మిగిలి ఉంటాయి, మార్చితో ముగుస్తుంది. అయినా వెళ్లండి. మంగళ, గురువారాల్లో సాయంత్రం చాలా క్లబ్బులు నెట్స్ పెడతాయి, నేరుగా వెళ్లి కొత్తగా వచ్చామని చెప్పి పేరు ఇచ్చి రావచ్చు. ప్లే క్రికెట్ యాప్‌లో మీ పిన్‌కోడ్ కొడితే దగ్గర్లో ఏ క్లబ్బులున్నాయో కనిపిస్తాయి. జూలైలో వచ్చేవాళ్లు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మొదలయ్యే ప్రీ సీజన్ నెట్స్‌కు వెళితే అక్టోబరు మొదటి మ్యాచ్‌కే జట్టులో ఉంటారు. సింథటిక్ పిచ్‌ల మీద మేకుల బూట్లు వేసుకోనివ్వరు కాబట్టి రబ్బరు సోల్ ఉన్న జత ఒకటి తెచ్చుకోండి.