శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో కాలేజీ పిల్లలకి గ్రూప్ కౌన్సెలింగ్ పెట్టేవారికి

గ్రూపుకి 8 నుంచి 10 మంది చాలు. పన్నెండు దాటితే ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు. పోస్టర్ మీద 'మానసిక సమస్యలు' అని రాస్తే ఎవరూ రారు. 'నిద్ర, బ్యాక్‌లాగులు, ఇంట్లో గొడవలు' అని రాయండి. మధ్యాహ్నం 2 నుంచి 3:30 మంచి టైము. సాయంత్రమైతే పలాస, టెక్కలి వైపు పిల్లల ధ్యాస బస్సు మీదే ఉంటుంది.

కుర్చీలు గుండ్రంగా వేయండి. హెచ్ఓడీని (డిపార్ట్‌మెంట్ హెడ్‌ని) లోపలికి రానివ్వొద్దు, ఎంత మంచివాడైనా సరే.

తొలిరోజు చీటీల పని పెట్టండి. అందరికీ ఒకే రంగు పెన్ను, ఒకే సైజు కాగితం. పేరు లేకుండా ఒక బెంగ రాసి, మడిచి స్టీలు డబ్బాలో వేస్తారు. మీరే చదవాలి, పిల్లలచేత చదివిస్తే చేతిరాత గుర్తుపట్టేస్తారు. ముందుగా ఒక్కరే తిరగేసుకోండి. చావు మాట కనిపిస్తే పైకి చదవకండి, ఎవరిదని ఆరా తీయకండి. "బతకాలనిపించకపోతే ఈరోజే నాతో మాట్లాడండి" అని అందరికీ చెప్పి, అరగంట అక్కడే ఉండండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 బోర్డు మీద రాయండి. ఉచితం, 24 గంటలూ పలుకుతుంది.

ఇక్కడి మాట బయటికి పోదని మొదట్లోనే చెప్పాలి. ప్రాణాపాయముంటే మాత్రం దాచలేమని కూడా అప్పుడే చెప్పండి. తర్వాత చెబితే మోసమనుకుంటారు.