ఇంట్లో తుపాకీ, ఎదుగుతున్న పిల్లలు: తాళం ఎవరి బాధ్యత?

ఇంట్లో తుపాకీ కూడా, పిల్లలు కూడా ఉన్నప్పుడు మొదట తేల్చుకోవలసింది ఒకటే: అది పిల్లల చేతికి అందకుండా చూసే పని పూర్తిగా పెద్దలదే. "ముట్టుకోవద్దని చెప్పాం, మా వాడు మాట వింటాడు" అన్న ధీమా చాలదు. అమెరికాలో 2001లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మగపిల్లలు 64 మందిని ఇద్దరు ముగ్గురు చొప్పున, సొరుగులో తూటాలు లేని నిజమైన పిస్తోలు దాచిన గదిలో కొద్దిసేపు వదిలారు. 29 బృందాల్లో 21 దాన్ని కనిపెట్టాయి, 16 చేతిలోకి తీసుకున్నాయి, పది బృందాల్లో ఎవరో ఒకరు ట్రిగ్గర్ నొక్కారు. ముట్టుకున్న పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా అంతకుముందే తుపాకీ జాగ్రత్తలు విన్నవారే. పిల్లలకు చెప్పాలి, సందేహం లేదు. కానీ తాళం చేసే పని మాట చేయదు.

దాచే ముందు తుపాకీని ఖాళీ చేయండి. మేగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసేశాక కూడా చాంబర్‌లో (పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే అరలో) ఒక తూటా మిగిలి ఉండవచ్చు. అనుకోని కాల్పులకు ఈ పొరపాటు పాత కారణమే. అందుకే గొట్టాన్ని మనుషులు లేని వైపు తిప్పి, ట్రిగ్గర్‌కు వేలు దూరంగా ఉంచి, చాంబర్ తెరిచి కళ్లతో చూసుకోండి. తరువాత తుపాకీని తాళం వేసిన ఇనుప పెట్టెలో, తూటాలను మరో తాళంతో మరోచోట పెట్టండి. తాళంచెవిని బీరువా మీదో, పరుపు కిందో దాచడం వృథా, ఎందుకంటే ఇంట్లో వస్తువులు ఎక్కడ ఉంటాయో పిల్లలకే బాగా తెలుసు. అంకెల తాళమైతే పుట్టినరోజు తేదీ పెట్టవద్దు.

కౌమారంలో ఉన్న పిల్లవాడు దిగులులో మునిగినా, చావు మాట ఎత్తినా, తాళం మీద కూడా ఆధారపడకుండా, చట్టం అనుమతించిన పద్ధతిలో తుపాకీని ఇంటి నుంచే తరలించండి.

పిల్లల వంతు చిన్నది: ఎక్కడైనా తుపాకీ కనబడితే ముట్టుకోకుండా బయటికి వచ్చి పెద్దలకు చెప్పడం. అలా చెప్పిన పిల్లవాడిని "నువ్వక్కడికి ఎందుకు వెళ్లావు" అని కొడితే, మరోసారి చెప్పడు. ఇంట్లో వేసే శిక్షే ప్రమాద నివారణకు అడ్డుపడే సందర్భం ఇది. పిల్లలను వేరే ఇంటికి పంపేటప్పుడు, అక్కడ తుపాకీ ఉందా, తాళంలో ఉందా అని మొహమాటం లేకుండా అడగండి.

చట్టం సంగతికి వస్తే, నేర బాధ్యతకు కనీస వయసు (అంతకంటే చిన్న పిల్లలను నేరానికి బాధ్యులను చేయకూడని వయసు) 14 ఏళ్లకు తగ్గకూడదని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2019లో సూచించింది. పిల్లలకు అందేలా తుపాకీ వదిలేసిన పెద్దలను బాధ్యులను చేసే చట్టాన్ని అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 1989లోనే తెచ్చింది. 2021లో అక్కడి మిషిగన్ రాష్ట్రంలోని ఒక పాఠశాలలో పదిహేనేళ్ల విద్యార్థి నలుగురిని కాల్చి చంపాడు. అతనికి పెరోల్ లేని జీవిత ఖైదు పడింది. 2024లో తల్లిదండ్రులకు కూడా పది నుంచి పదిహేనేళ్ల శిక్ష పడింది. ఆ తుపాకీని తండ్రి కొన్నది నాలుగు రోజుల ముందే. ఆ ఉదయం పాఠశాల పిలిపించి కొడుకు గీసిన కలవరపెట్టే బొమ్మ చూపినా, వారు తుపాకీ సంగతి చెప్పలేదు, కొడుకును ఇంటికి తీసుకెళ్లలేదు. మీ పిల్లల గురించి పాఠశాల నుంచి అలాంటి కబురు వస్తే, పెట్టెలో తుపాకీ ఉందో లేదో చూశాకే వేరే పని చేయండి; తుపాకీ అక్కడ కనబడకపోతే ఆ మాట వెంటనే పాఠశాలకూ, పోలీసులకూ చెప్పండి.