రాయబారి ప్రసంగాన్ని చదవడం ఎలా

గ్రూప్-1, సివిల్స్‌కు సిద్ధమవుతున్న పిల్లలకు కడపలో ఆదివారాలు విదేశాంగ విధానం చెబుతుంటాను. జాతీయ దినోత్సవాల వేళ రాయబారులు చేసే ప్రసంగాలు ముందు పెడితే చాలు, నాట్యం, వంటలు, సినిమాల పేరాలు దాటేసి వాణిజ్యం అంకెల దగ్గర వాలిపోతారు. అంకెలు ఏ నివేదికలోనైనా దొరుకుతాయి. రాయబారి పనితనం తెలిసేది సంస్కృతి పేరాలోనే. దౌత్య సంబంధాలపై దేశాలు చేసుకున్న 1961 నాటి వియన్నా ఒప్పందం 41వ అధికరణం ప్రకారం ఆతిథ్య దేశపు అంతర్గత వ్యవహారాల్లో అతడు వేలు పెట్టకూడదు. అదే ఒప్పందంలోని 3వ అధికరణం మాత్రం సాంస్కృతిక సంబంధాలు పెంచడాన్ని అతడి విధుల్లో చేర్చింది. అందుకే సూటిగా అనలేని మాటను పాత ఓడల కథలోనో ముత్యాల వ్యాపారంలోనో చుట్టి చెబుతాడు.

ఉదాహరణకు కువైట్‌లో మన రాయబారి చేసే ప్రసంగాన్నే తీసుకుంటాను. రాయచోటి, రాజంపేట వైపు వాళ్లకు ఆ దేశం గురించి పరిచయం అక్కర్లేదు.

ముందు తేదీ చూడండి. ఆగస్టు 15న మన రాయబార కార్యాలయాల్లో జెండా ఎగరేసి, రాష్ట్రపతి సందేశం చదువుతారు. అది ప్రధానంగా మనవాళ్ల కోసం. బయటి దేశాల్లో మన జాతీయ దినోత్సవంగా విందు ఇచ్చేది జనవరి 26కే. దానికి ఆ దేశపు మంత్రులు, తోటి రాయబారులు వస్తారు. కాబట్టి జనవరి విందులోని మాట ఆతిథ్య దేశం చెవిన పడాలని అన్నది. అన్నట్టు, 1977 నుంచి 1982 దాకా అలా చదివిన సందేశాలు ఇల్లూరు నీలం సంజీవరెడ్డిగారివి. మన రాయబారులు పట్టుకెళ్లే నియామక పత్రాల మీద సంతకమూ ఆయనదే. ఇది పరీక్షలో రాదు, అయినా అనంతపురం పిల్లలు కనిపిస్తే చెప్పకుండా ఉండలేను.

వాళ్ల తేదీ కూడా చూడాలి. కువైట్‌కు స్వాతంత్ర్యం వచ్చింది 1961 జూన్ 19న. జాతీయ దినోత్సవం మాత్రం ఫిబ్రవరి 25. 1950లో షేక్ అబ్దుల్లా అల్ సాలిం గద్దెనెక్కిన రోజు అది. మర్నాడే, 26న, ఇరాక్ సేనల నుంచి 1991లో విముక్తి పొందిన రోజు. వరసగా రెండు రోజుల పండుగ. రెండోదాని వెనక గాయం ఉంది. దాని సంగతి కాసేపట్లో.

ఇక పెన్సిలు తీసుకోండి. కువైట్ పేరు కొట్టేసి బహ్రెయిన్ అని రాసి చదవండి. 'శతాబ్దాల నాటి స్నేహం' అప్పుడూ అలాగే నిలబడితే ఆ వాక్యం మీద గీత గీసేయండి. 'మీ బజారులో మా రూపాయి చెల్లింది' అన్నది కాస్త మెరుగు, కానీ రూపాయి బహ్రెయిన్‌లోనూ 1965 దాకా చెల్లింది, ఒమన్‌లో 1970 దాకా. కువైట్ దినారు వచ్చింది 1961లో. రాయబారి ఆ సంవత్సరం కూడా చెప్పాడంటే చరిత్ర చూసుకునే మాట్లాడాడని అర్థం. ఇందులో పొగడ్తతో పాటు చిన్న హక్కు కూడా ఉంది: మీకు చమురు సిరి రాకముందు నుంచీ మాకూ మీకూ లావాదేవీలున్నాయి అని.

తర్వాతది కష్టమైన పని. చెప్పకుండా వదిలేసినదాన్ని వెతకాలి. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. మన విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ అదే నెలలో బాగ్దాద్ వెళ్లి సద్దాం హుస్సేన్‌ను కలిశారు. అక్కడ ఇద్దరూ ఆలింగనం చేసుకున్న ఫొటో కువైటీల మనసులో ముల్లులా దిగింది. మన లెక్క వేరు: లక్షల మంది భారతీయులు అక్కడ చిక్కుకుపోయారు. చివరికి అమ్మాన్ మీదుగా విమానాల్లో సుమారు 1,70,000 మందిని తెచ్చుకున్నాం. విముక్తి దినోత్సవం నాడు మాట్లాడే భారత రాయబారి ఈ తూకం మరచిపోలేడు. కువైట్ ప్రజల ధైర్యాన్ని పొగుడుతాడు, ఆలింగనం ఊసెత్తడు. నన్నడిగితే, ప్రసంగం మొత్తంలో విదేశాంగ విధానం చిక్కగా ఉండేది ఈ మౌనంలోనే.

పొగడ్తలను కాగితంతో సరిచూసుకోండి. 2024 డిసెంబరులో మన ప్రధాని కువైట్ వెళ్లారు. భారత ప్రధాని అక్కడ అడుగుపెట్టడం 43 ఏళ్ల తర్వాత అదే మొదలు. సంబంధాన్ని 'వ్యూహాత్మక భాగస్వామ్యం' అన్నది అప్పుడే. ఆ పర్యటనలోనే రక్షణ సహకారం మీద, 2025-2029 సాంస్కృతిక మార్పిడి మీద ఒప్పందాలు కుదిరాయి. రెండూ ఒకే పర్యటనలో కుదిరాయంటే నాట్య బృందాన్ని వేరే లోకపు సంగతిగా చూడకూడదు. అందుకే కూచిపూడి పేరా కనిపించగానే దాని వెనక ఏ ఒప్పందం ఉందో రాసుకోండి. లేకపోతే 'మర్యాద' అని రాసి ముందుకు సాగండి.

చివరగా ప్రవాసుల పేరా. తరగతిలో ఒకమ్మాయి అడిగింది: 'సార్, మా నాన్న ఖాదిం (ఇంటి పనివాళ్ల) వీసా మీద ఇంటి డ్రైవరు. ఈ ప్రసంగంలో ఆయన ఎక్కడున్నాడు?' నేను వేలు పెట్టి చూపించాను: 'కష్టపడి పనిచేసే మన సమాజం' అన్న చోట. అంతే. ఇక్కడ వెతకాల్సింది ఇంటి పనివాళ్ల నియామకాలపై 2021 జూన్‌లో రెండు దేశాలు చేసుకున్న అవగాహన ఒప్పందం పేరు. స్వదేశీయుల రక్షణ కూడా 3వ అధికరణంలో రాసిన విధే. ఒప్పందం పేరెత్తి, దాని అమలు గురించి ఒక్క వాక్యమైనా అంటే ఆ రాయబారికి మంచి మార్కులు వేస్తాను. 'మీరే మన సాంస్కృతిక రాయబారులు' అని చప్పట్లు కొట్టించి వదిలేస్తే సగం కోత.

సాధనకు ఇదే పని తిరగేసి చేయండి. ఫిబ్రవరి 25న ఢిల్లీలోని కువైట్ రాయబారి ఏమంటాడో చూడండి. అందులో 1990 ప్రస్తావన ఏ పేరాలో వచ్చిందో, అసలు వచ్చిందో లేదో ముందు గుర్తు పెట్టుకుని, ఆ తర్వాత మొదటి వాక్యం నుంచి చదవండి.