వారాంతాల నెలను అమర్చుకోవడం – నాలుగవ పాఠం: మధ్యాహ్నాన్ని ఎక్కడ ఉంచాలి?

గత మూడు పాఠాలలో నెల పటం గీసుకోవడం, దాని మీద ఊళ్ల పేర్లకంటే ముందు మనుషుల పేర్లు రాసుకోవడం, ఎవరు ఎంత దూరం నడవగలరో, ఎంతసేపు కదలకుండా కూర్చోగలరో పక్కన గుర్తు పెట్టుకోవడం నేర్చుకున్నాం. అభ్యాసానికి తీసుకున్న కుటుంబాన్నే ఈ పాఠంలోనూ కొనసాగిద్దాం. చెన్నైలో వేళచ్చేరిలో ఉండే దంపతులు, తొమ్మిదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల అబ్బాయి, సంక్రాంతికి నెల్లూరు నుంచి వచ్చి రెండు వారాలకు పైగా ఉండబోయే తాతయ్య, నాయనమ్మ, వీళ్లు కాక ఎప్పటినుంచో “ఎక్కడికైనా వెళదాం” అంటూ వెంటపడుతున్న నలుగురు ఆఫీసు స్నేహితులు. నెల జనవరి. పటంలో నాలుగు వారాంతాలు ఖాళీగా ఉన్నాయి. ఈ పాఠం పూర్తయ్యేసరికి వాటిని నింపగలగాలి.

చెన్నై నుంచి ఉదయం వెళ్లి రాత్రికి తిరిగివచ్చే ఏ ప్రయాణమైనా చెడిపోయేది సాధారణంగా మధ్యాహ్నం 12 గంటలకూ 4 గంటలకూ మధ్యనే. ఆ సమయంలో గుడి తలుపులు మూసి ఉంటాయి, ఇసుక కాలుతుంది, పిల్లవాడికి నిద్ర ముంచుకొస్తుంది, భోజనం ఎక్కడ అన్నదానిపై కారులో రెండు పక్షాలు ఏర్పడతాయి. ఉదయం ఎంత బాగా గడిచినా ఇంటికి చేరాక అందరూ చెప్పుకునేది ఈ నాలుగు గంటల గురించే. కనుక ఊరు ఎంచుకున్న వెంటనే వేసుకోవలసిన ప్రశ్న “అక్కడ ఏమేమి చూడాలి” అన్నది కాదు, “ఆ మధ్యాహ్నం మనం ఏ నీడన ఉంటాం” అన్నది.

ముందు చిన్న లెక్క చేద్దాం. జనవరిలో చెన్నైలో సూర్యోదయం సుమారు 6.30కి, సూర్యాస్తమయం 6 గంటల ప్రాంతంలో అవుతాయి. ఉదయం 6.30 నుంచి 11.30 వరకు అయిదు గంటల మంచి సమయం దొరుకుతుంది. సాయంత్రం 4 నుంచి 6 వరకు రెండే గంటలు. చాలామంది ఈ రెండింటినీ సమానంగా భావించి, చూడవలసిన వాటిలో సగం ఉదయానికీ సగం సాయంత్రానికీ పంచుతారు. ఆ పంపకం వల్లనే చివరి చోటు ఎప్పుడూ చీకట్లో చూడవలసి వస్తుంది. ముఖ్యమైనదంతా ఉదయానికే కేటాయించి, చూడకపోయినా ఫరవాలేదు అనుకున్న దానిని మాత్రమే సాయంత్రానికి వదలాలి. మే నెలలో అయితే ఈ లెక్క మారుతుంది. పొద్దు ముందే పొడిచినా 9 గంటలకే ఎండ మండుతుంది కనుక ఉదయం మూడు గంటలకు కుదించుకుపోతుంది.

ఇప్పుడు మొదటి వారాంతాన్ని నింపుదాం. తాతయ్య, నాయనమ్మ ఇంకా రాలేదు కనుక ఇది స్నేహితులది. వాళ్లు తెల్లవారుజామున 5 గంటలకే బయలుదేరగలరు, ఎండలో నడవగలరు, అల్పాహారం ఆలస్యమైనా అలగరు. ఇలాంటి బృందానికి మహాబలిపురం తగిన చోటు. 1984లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ పల్లవ శిల్పాలలో, అర్జునుడి తపస్సుగా ప్రసిద్ధమైన పెద్ద బండరాతి శిల్పం తూర్పు ముఖంగా ఉంటుంది. ఉదయపు వెలుగు నేరుగా మీద పడినప్పుడు అందులోని ఏనుగుల చర్మపు మడతలు కూడా స్పష్టంగా కనబడతాయి, మధ్యాహ్నం దాటితే అదే రాయి చదునుగా తోస్తుంది. సముద్రతీర ఆలయానికీ పంచరథాలకూ ఒకే టికెట్ చాలు కనుక దానిని పారేయకుండా ఒకరి దగ్గర ఉంచాలి. 11 గంటలకల్లా అక్కడి పని ముగించుకుని వెనుదిరగాలి. దారిలో ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ముట్టుకాడులో దక్షిణచిత్ర ఉంది. 1996లో ప్రారంభమైన ఈ ప్రదర్శనశాలలో దక్షిణ రాష్ట్రాల పాత ఇళ్లను విప్పి తెచ్చి తిరిగి నిలబెట్టారు. వాటిలో మన నేతవారి ఇల్లు, కోస్తా చుట్టిల్లు కూడా ఉన్నాయి. కప్పు కింద, చెట్ల నీడన, అరుగుల మీద కూర్చుంటూ తిరగవచ్చు కనుక మధ్యాహ్నానికి ఇంతకంటే మంచి చోటు ఆ దారిలో లేదని నా అభిప్రాయం. మంగళవారం దానికి సెలవు. అదే దారిలో వడనెమ్మెలి దగ్గర 1976లో స్థాపించిన మొసళ్ల పెంపక కేంద్రానికి సోమవారం సెలవు. శని ఆదివారాలలో వెళ్లేవారికి ఈ సెలవులు అడ్డురావు కానీ, సోమవారం సెలవు కలిసివచ్చిన పొడుగు వారాంతాలలో చూసుకోవాలి.

రెండవ వారాంతం భోగికి ముందు వచ్చేది, పెద్దలు అప్పుడే దిగి ఉంటారు. నాయనమ్మ కంచి అంటారు, మరొకటి అనరు. ధనుర్మాసం ఇంకా నడుస్తూ ఉంటుంది కనుక తెల్లవారుజామునే గుళ్లు తెరిచే సౌకర్యం ఉంది. ముక్కోటి ఏకాదశి ఆ వారాంతంలోనే పడిందేమో మాత్రం ముందుగా పంచాంగం చూసి, పడితే వరదరాజస్వామి ఆలయాన్ని మరో రోజుకు మార్చుకోవాలి. ఆ రద్దీలో పెద్దవాళ్లను వరుసలో నిలబెట్టడం భక్తి అనిపించుకోదు.

కంచి చెన్నై నుంచి సుమారు 75 కిలోమీటర్లు. 5.30కి బయలుదేరితే 7.30 ప్రాంతంలో చేరవచ్చు. అక్కడి పెద్ద ఆలయాలు మధ్యాహ్నం 12 గంటల ప్రాంతంలో మూసి సాయంత్రం 4 గంటలకు తెరుస్తారు. ఉదయం రెండు ఆలయాలు, సాయంత్రం ఒకటి, అంతకుమించి పెట్టుకోవద్దు. ఏది ముందు అన్నదానికి ప్రసిద్ధిని కాదు, పాదాలను చూసి నిర్ణయించాలి. చెప్పులు లేకుండా విశాలమైన రాతి ప్రాంగణంలో ఎక్కువ దూరం నడవవలసిన వరదరాజస్వామి ఆలయాన్ని, రాయి వేడెక్కకముందే పూర్తి చేయాలి. ఏకామ్రేశ్వరాలయం తరువాత. కామాక్షి అమ్మవారి దర్శనాన్ని 4 గంటలకు తలుపు తెరిచే వేళకు ఉంచుకుంటే నాయనమ్మకు రోజంతా ఎదురుచూడడానికి ఒక కారణం ఉంటుంది. తొమ్మిదేళ్ల అమ్మాయికి శిల్పాల మీద ఆసక్తి ఉంటే, ఎనిమిదవ శతాబ్ది తొలినాళ్లలో రాజసింహ పల్లవుడు కట్టించిన కైలాసనాథాలయాన్ని ఉదయపు రెండింటిలో ఒకటిగా మార్చుకోవచ్చు.

మరి మధ్యలోని నాలుగు గంటలు? కంచిలో ఆ సమయం దానంతటదే పట్టుచీరల దుకాణాలకు పోతుంది, పోనివ్వాలి కూడా. చీరల బేరం మామూలుగా ఎప్పుడు తెగుతుందో ఎవరూ చెప్పలేరు, కానీ 4 గంటలకు గుడి తెరుస్తారన్న గడువు ముందు అది కూడా తెగుతుంది. ఉదయమే దుకాణంలోకి అడుగుపెట్టినవారు గుడి తలుపులు మూసిన తరువాతే బయటికి వస్తారు. ఈ క్రమాన్ని తిరగవేయవద్దు. భోజనం మొదట, దుకాణం తరువాత. తాతయ్యకు అక్కడ చేయవలసింది ఏమీ ఉండదు కనుక ఆయనకూ నాలుగేళ్ల పిల్లవాడికీ కలిపి రెండు మూడు గంటలకు ఒక గది తీసుకోవడం ఖర్చే అయినా దుబారా కాదు. ఈ ప్రయాణాన్ని శనివారమే పెట్టుకోవాలి. ఆదివారం సాయంత్రం చెంగల్పట్టు వైపు నుంచి తాంబరం దాకా నగరంలోకి వచ్చే దారి వాహనాలతో నిండిపోతుంది.

బరువైన రోజు పక్కన తేలికైన రోజు ఉండాలన్నది రెండవ పాఠంలో చెప్పుకున్న నియమం. కనుక ఆ ఆదివారం ఉదయమంతా ఇంట్లో ఉండి, మధ్యాహ్నం ఎళుంబూరు (ఎగ్మోర్) ప్రభుత్వ మ్యూజియానికి వెళ్లాలి. 1851లో మొదలైన ఈ మ్యూజియంలో అమరావతి స్తూపానికి చెందిన పల్నాటి సున్నపురాతి శిల్పాలు ఉన్నాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన వాటిలో చాలా భాగం లండన్ చేరగా, మనవాళ్లు ఓడ ఎక్కకుండా చూడగలిగే అమరావతి ఇక్కడ ఉంది. నెల్లూరు తాతయ్యకు ఇది కంచి కంటే నచ్చవచ్చు. శుక్రవారాలు, జాతీయ సెలవు దినాలు మ్యూజియం మూసి ఉంటుంది కనుక జనవరి 26న ఆ వైపు వెళ్లకూడదు.

మూడవ వారాంతం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మన ముక్కనుమ నాడే ఇక్కడ కాణుం పొంగల్ జరుపుకుంటారు. ఆ రోజు మెరీనా, వండలూరు జూ, మహాబలిపురం మూడూ జనంతో కిక్కిరిసిపోతాయి, సముద్రంలో దిగకుండా పోలీసులు కాపలా ఉంటారు. ఆ రోజు బంధువులనే ఇంటికి పిలవాలి. మిగిలిన వారాంతం పటంలో ఖాళీగానే ఉండనివ్వండి, పండుగ వంటల తరువాత ఇంటి ఇల్లాలికి అది అవసరం.

నాలుగవ వారాంతంలో పెద్దలు తిరిగి నెల్లూరు వెళ్లాలి. దిగబెట్టడానికి ఒక రోజు, విహారానికి మరో రోజు అని విడదీయకుండా రెండింటినీ ఒకే దారిలో కలపవచ్చు. శనివారం ఉదయం 5.30కి బయలుదేరితే 8 గంటల ప్రాంతంలో సూళ్లూరుపేట చేరతారు. అక్కడి నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మీదుగా సాగుతుంది, నీరు తగినంత ఉన్న ఏడాది అటకానితిప్ప పరిసరాల్లో రోడ్డు మీది నుంచే ఫ్లెమింగోలు కనబడతాయి. తరువాత ఉత్తరంగా దొరవారిసత్రం దగ్గరి నేలపట్టులో గూడబాతులు నీటిలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కట్టుకుని పిల్లలను పెంచుతూ ఉంటాయి. పిల్లలకు ఒక బైనాక్యులర్, తాతయ్యకు ఒక మడత కుర్చీ ఉంటే చాలు. 11 గంటలకు అక్కడి నుంచి కదిలితే మధ్యాహ్న భోజనం నెల్లూరులో నాయనమ్మ ఇంట్లోనే. ఈ నెలలో మధ్యాహ్నం సొంత కప్పు కింద గడిచే ప్రయాణం ఇదొక్కటే. ఆదివారం పిల్లలు నిద్ర లేచాక నెమ్మదిగా బయలుదేరి, చీకటి పడకముందే వేళచ్చేరి చేరుకోవచ్చు.

అభ్యాసం. పై కుటుంబంలోని పెద్దలకు కారు ప్రయాణం పడదనుకోండి, వెళ్లడం లోకల్ రైళ్లలోనే. ఆదివారాలలో రైళ్లు తక్కువగా నడుస్తాయి, సూళ్లూరుపేట దాకా నేరుగా వెళ్లేవి కొన్నే, చాలావరకు గుమ్మిడిపూండిలోనే ఆగిపోతాయి. ఈ పరిమితులతో నాలుగవ వారాంతాన్ని మళ్లీ రాయండి. కంచికి చెంగల్పట్టు మీదుగా రైలు ఉంది కనుక రెండవ వారాంతాన్ని కూడా మార్చి చూడండి, కామాక్షి అమ్మవారి దర్శనం సాయంత్రానికే ఉంచగలరో, ఉదయానికి జరపవలసి వస్తుందో తిరుగు రైలు వేళను బట్టి తేల్చండి. ప్రతి రోజుకూ ఎదురుగా ఒక్క వాక్యంలో మధ్యాహ్నం ఎక్కడ గడుస్తుందో రాయాలి. ఆ వాక్యం రాయలేకపోయిన రోజును పటం నుంచి కొట్టివేయాలి.

అయిదవ పాఠంలో ఇదే నెలకు ఖర్చు లెక్క వేసి, స్నేహితుల మధ్య పెట్రోలు, టోల్, భోజనం డబ్బులు పంచుకునే పద్ధతిని చూద్దాం. దానికోసం ఈ నాలుగు వారాంతాల పటాన్ని శుభ్రంగా తిరగరాసి దగ్గర ఉంచుకోండి.